మేక కన్ను, బొమ్మ కన్ను, వీఆర్ సిమ్యులేటర్: కంటి సర్జన్ చెయ్యి దేని మీద తిరగాలి?

మా పీజీ రోజుల్లో ఆదివారం అంటే విశాఖ పూర్ణా మార్కెట్. ఆరు కొట్టకముందే ఐస్ బాక్సు పట్టుకుని మటన్ కొట్ల ముందు నిలబడేవాళ్ళం. "అన్నా, ఓ పది మేక కళ్ళు కావాలి" అంటే, "కళ్ళు తీసేస్తే తలకాయ ఎవరు కొంటారమ్మా?" అనేవాడు కొట్టాయన. బతిమాలి, నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి తెచ్చుకునేవాళ్ళం. ఎండెక్కేలోపు ల్యాబ్‌కి చేరకపోతే కార్నియా, అంటే కంటి ముందున్న అద్దంలాంటి పొర, మసకబారిపోతుంది. ఆ తర్వాత లోపల ఏం చేస్తున్నామో కనపడదు.

ఇప్పుడు పీజీలు అడిగే ప్రశ్న వేరు. "మేడమ్, వీఆర్ సిమ్యులేటర్ ఉన్న చోటే ఫెలోషిప్‌లో చేరాలా?" అంటారు. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కంప్యూటర్ గీసిన కంటి మీద ఆపరేషన్ సాధన చేయించే మెషిన్. ఫెలోషిప్ అంటే పీజీ తర్వాత చేసే అదనపు శిక్షణ. డిపార్ట్‌మెంట్ పెద్దలు ఇంకోలా అడుగుతారు: "కోటి పెట్టి మెషిన్ కొందామా, మేక కళ్ళ మీద సాధన చేసే వెట్ ల్యాబ్ ఉంది కదా, అది బాగుచేసుకుంటే సరిపోతుందా?" ఎవరు అడిగినా ముందు నేను తిరిగి అడిగేది ఒక్కటే. నేర్చుకునేవాళ్ళ చెయ్యి ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, రేపు వాళ్ళు చేయబోయే ఆపరేషన్ ఏది? ఈ రెండూ తేలకుండా మెషిన్ల గురించి మాట్లాడితే, పెళ్ళికొడుకు లేకుండా ముహూర్తం పెట్టినట్టే.

ఈ విషయంలో నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, నా మొదటి పది కేసుల్లో ఒకటి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దాయన. శుక్లం బయటికి వచ్చేసింది, మిగిలిన పీచు శుభ్రం చేస్తున్నాను. ఒక్క క్షణం సూది కొన లోతు తప్పింది. లెన్సు సంచి వెనక పొర మందం మధ్యలో సుమారు 4 మైక్రాన్లు. మన తల వెంట్రుకలో పదిహేనో వంతు అనుకోండి. అది చిరిగింది. మేము పీసీ రెంట్ అంటాం. వెనకున్న జెల్లీ ముందుకొచ్చేసింది. కంటికి మాత్రమే మత్తు ఇస్తాం కాబట్టి ఆయన మెలకువగానే ఉన్నాడు, అన్నీ వింటున్నాడు. పక్కనుండి నేర్పుతున్న సార్ గొంతులో ఏ మార్పూ లేకుండా "అమ్మా, కొంచెం పక్కకి జరుగు" అన్నారు. "అయిపోనాదేటమ్మా?" అని అడిగాడు పెద్దాయన. నాకు నోట మాట రాలేదు. చూపు వచ్చింది, కానీ రెండు మూడు రోజుల్లో రావాల్సింది నెలన్నర పట్టింది. ఆ తప్పు ముందే ఎక్కడో ఓ యాభైసార్లు చేసి ఉంటే ఆయన కంట్లో చేసేదాన్ని కాదు. అలా ముందే తప్పులు చేయడానికి ఇప్పుడు మనకున్న చోట్లు మూడు: మేక కన్ను, బొమ్మ కన్ను, వీఆర్ మెషిన్.

వీఆర్ అంటే ఒకటి కాదు

అందరూ వీఆర్ అని ఒకే మాట వాడతారు గానీ, అందులో మూడు వేర్వేరు జాతులున్నాయి.

మొదటిది ఐసీ. జర్మనీలోని మాన్‌హైమ్‌లో వీఆర్‌మ్యాజిక్ అనే కంపెనీ తయారుచేసింది, ఇప్పుడు హాగ్-స్ట్రైట్ చేతిలో ఉంది. బల్ల మీద బొమ్మ తల, అందులో బొమ్మ కన్ను, పైన మైక్రోస్కోప్, కింద రెండు పెడల్స్. మీరు లోపలికి పెట్టిన పరికరం ఎక్కడుందో కెమెరాలు కనిపెడతాయి, మైక్రోస్కోప్‌లో మీకు కనిపించేది కంప్యూటర్ గీసిన కన్ను. ఆపరేషన్ అంతా ఒకేసారి చేయించదు. చెయ్యి వణుకు తగ్గించుకోవడం, కొన నిలకడగా పట్టుకోవడం, లెన్సు ముందు పొర చింపే రెక్సిస్, శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసే ఫేకో, కొత్త లెన్సు పెట్టడం, ఇలా మెట్టు మెట్టుకీ వేరే అభ్యాసం. ప్రతిదానికీ వందకి మార్కులు వేస్తుంది. కార్నియాకి ఎంత తగిలారు, ఫోకస్ తప్పి ఎంతసేపు పనిచేశారు, కన్ను లోపల పరికరం మొత్తం ఎంత దూరం తిరిగింది, అన్నీ లెక్కలోకి వస్తాయి. నాకు ఈ చివరిదే ఎక్కువ ఇష్టం. చెయ్యి తిరిగిన సర్జన్ కన్ను లోపల తక్కువ తిరుగుతాడు. కొత్తవాళ్ళు దారి తెలియని ఆటోలా సందు సందూ తిరిగేస్తారు.

రెండోది హెల్ప్‌మీసీ. దీని వెనక ఉన్న మనిషి డాక్టర్ కాదు, విమానాల మనిషి. ఆల్బర్ట్ యూల్చి పైలట్‌గా పనిచేసి, 1951లో పైలట్లకి శిక్షణ ఇచ్చే ఫ్లైట్‌సేఫ్టీ కంపెనీ పెట్టాడు. సిమ్యులేటర్ మీద వేల పైలట్లని తయారుచేసినవాడికి, కంటి డాక్టర్లని కూడా ఇలాగే ఎందుకు తయారు చేయకూడదు అనిపించింది. 2010లో హెల్ప్‌మీసీ మొదలైంది. ఇది ముందుగా ఎంచుకున్న ఆపరేషన్ ఫేకో కాదు, మన ఎస్ఐసీఎస్, అంటే అల్ట్రాసౌండ్ లేకుండా చిన్న కోతలోంచి శుక్లాన్ని చేత్తో బయటికి తీసే పద్ధతి. పైగా ఇందులో చేతికి పట్టు తెలుస్తుంది: బ్లేడు పొరలోకి వెళ్తుంటే అడ్డు తగిలినట్టు మోటార్లు చేతిని వెనక్కి నెడతాయి.

మూడోది తలకి హెడ్‌సెట్ పెట్టుకుని చేసే రకం. ఆల్కాన్ కంపెనీ వాళ్ళ ఫిడెలిస్, అంధత్వ నివారణకి పనిచేసే ఓర్బిస్ సంస్థ ఫండమెంటల్‌వీఆర్ అనే కంపెనీతో కలిసి చేయించినది ఈ కోవకి వస్తాయి. తేలిగ్గా మోసుకెళ్ళవచ్చు, పెద్ద గది అక్కర్లేదు. కానీ మైక్రోస్కోప్ కంటిగొట్టాల్లోంచి తల కదపకుండా గంటలు గంటలు చూసే అలవాటు దీనితో రాదు. కొందరికి తల తిరుగుతుంది కూడా. ఆపరేషన్ వరస గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. చెయ్యి తిరగడానికి ఇదొక్కటే చాలని నేను అనుకోను.

చేతికి తెలియాల్సిన పట్టు

కొనేవాళ్ళు సాధారణంగా వదిలేసే ప్రశ్న ఇది. "చేతికి పట్టు తెలిసే మెషినే మంచిదట కదా" అంటారు. ఏ ఆపరేషన్‌కి, అందులో ఏ మెట్టుకి అన్నది చూడకుండా ఈ మాట చెప్పలేం.

రెక్సిస్ అంటే లెన్సు ముందు పొరలో 5, 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం చింపడం. నిజమైన మనిషి కంట్లో చేస్తున్నప్పుడు కూడా చేతికి దాదాపు ఏమీ తెలియదు. అంత పలచని పొర అది. పని అంతా కంటితోనే: చిరుగు అంచు ఎటు పోతోంది, పొరని ఎక్కడ మళ్ళీ పట్టుకోవాలి, బయటికి జారుతుంటే లోపలికి ఎలా లాగాలి. అందుకే పట్టు తెలియని మెషిన్ మీద రెక్సిస్ నేర్చుకుంటే పెద్దగా నష్టం లేదు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క మెట్టుకి మేక కన్నే ఎక్కువ మోసం చేస్తుంది. మేక లెన్సు పొర మందంగా, రబ్బరులా సాగుతుంది. దాని మీద అలవాటైన బలంతో మనిషి కంట్లో లాగితే చిరుగు అంచుదాకా పరిగెడుతుంది.

ఎస్ఐసీఎస్ టన్నెల్ దీనికి పూర్తిగా ఉల్టా. తెల్లగుడ్డు పొరలో సగం మందం లోతున, 6, 7 మిల్లీమీటర్ల వెడల్పున, క్రెసెంట్ బ్లేడుతో జేబులాంటి దారి తీస్తాం. పైకి వస్తే కప్పు చిల్లుపడుతుంది, కిందికి పోతే ముందుగానే కంట్లోకి దిగిపోతుంది. లోతు సరిగ్గా ఉందో లేదో సగం కంటికి, సగం వేళ్ళకి తెలుస్తుంది. నేర్పేటప్పుడు మాటల్లో చెప్పలేక చాలాసార్లు పీజీ చెయ్యి మీద చెయ్యి వేసి కదిపాను. ఈ పనికి మేక కన్ను బంగారం. తడి ఉంటుంది, పొరలుంటాయి, బ్లేడు నిజంగా కోస్తుంది. మెషినే కావాలంటే, పట్టు తెలిసే మెషిన్ తప్ప ఇంకోటి వద్దు.

ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. పాడేరు, అరకు వైపు నుంచి, సీతంపేట కొండల నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది కర్ర పట్టుకుని నడిచేదాకా ఆగి వస్తారు. శుక్లం ముదిరి, గోధుమరంగు దాటి నల్లబడి ఉంటుంది. అలాంటి గట్టి కేసుల్లో కొత్త చేతికి ఫేకో కంటే ఎస్ఐసీఎస్ క్షేమం. ఫేకో మాడ్యూల్స్ మాత్రమే ఉన్న మెషిన్ కొని, సోమవారం నుంచి శనివారం దాకా ఎస్ఐసీఎస్ చేసే డిపార్ట్‌మెంట్‌లో పెడితే, ఈత నేర్చుకునేవాడికి సైకిల్ కొనిచ్చినట్టు అవుతుంది.

కాళ్ళు కూడా నేర్చుకోవాలి

ఫేకో నేర్చుకునేవాళ్ళు చేతుల గురించే టెన్షన్ పడతారు. నేను చూసిన తప్పుల్లో చాలావాటికి మూలం పాదం. ఎడమ కాలు మైక్రోస్కోప్ పెడల్ మీద, కుడి కాలు ఫేకో పెడల్ మీద. కుడి పెడల్ మొదటి మెట్టులో నీళ్ళు, రెండో మెట్టులో పీల్చడం, మూడో మెట్టులో అల్ట్రాసౌండ్. చివరి ముక్క మిగిలినప్పుడు వెనక పొర పైకి లేచి కొన దగ్గరికి వస్తుంది. ఆ సమయంలో భయంతో కాలు బిగుసుకుని మూడో మెట్టుకి దిగిపోతుంది. చేతులు కరెక్ట్‌గానే ఉన్నాయి, పని పాడుచేసింది కాలు.

మేక కన్ను మీద దీన్ని నేర్చుకోవాలంటే పక్కన ఫేకో మెషిన్ ఉండాలి. అది కూడా రోగులకి వాడేది కాకూడదు, ల్యాబ్‌కని విడిగా ఉంచినది కావాలి. పైగా మేక లెన్సు మెత్తగా ఉంటుంది, ఫార్మలిన్ ఎక్కించో మైక్రోవేవ్‌లో పెట్టో గట్టిపరచాలి. ఇంత తతంగం వారానికోసారి కూడా కుదరదు. ఐసీ లాంటి మెషిన్ మీద ఒకే సాయంత్రం ఇరవైసార్లు అదే ముక్క దగ్గరికి వెళ్ళి, ఇరవైసార్లు కాలు తీయడం నేర్చుకోవచ్చు. ఫేకో చేయబోయేవాళ్ళు సిమ్యులేటర్ కోసం ఊరు దాటి వెళ్ళాలా అంటే, ఈ ఒక్క కారణానికైనా వెళ్ళమనే అంటాను.

ఇంకోటి. థియేటర్‌లో రోగి వింటూ ఉంటాడు కాబట్టి గురువు గట్టిగా చెప్పలేరు, శిష్యుడు "ఇదేంటి సార్?" అని అడగలేడు. సిమ్యులేటర్ పక్కన కూర్చుంటే మధ్యలో ఆపి మాట్లాడుకోవచ్చు. ఏ మెషిన్ అమ్మేవాళ్ళూ దీన్ని గొప్పగా చెప్పరు గానీ, నాకు మటుకు సగం విలువ ఇక్కడే ఉంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

బ్రిటన్‌లో మొదటి, రెండో ఏడాది ట్రైనీలు 265 మంది చేసిన 17,831 శుక్లం ఆపరేషన్లని పరిశీలించారు. ఐసీ అందుబాటులో ఉన్నవాళ్ళలో పీసీ రెంట్ 2009లో 4.2 శాతం, 2015 నాటికి 2.6 శాతం. అంటే 38 శాతం తగ్గుదల. ఆ ఆరేళ్ళలో ఇంకా చాలా మారి ఉంటాయి కాబట్టి మొత్తం ఘనత మెషిన్‌కే ఇవ్వలేం. అయినా తీసిపారేయదగ్గ లెక్క కాదు.

డెన్మార్క్‌లో 2017లో వచ్చిన అధ్యయనం నాకు ఇంకా ఉపయోగపడింది. 18 మంది సర్జన్లకి సిమ్యులేటర్ శిక్షణ ఇచ్చి, ముందూ తర్వాతా థియేటర్‌లో వాళ్ళు చేసిన ఆపరేషన్ల వీడియోలకి మార్కులు వేశారు. కొత్తవాళ్ళు 32 శాతం, 75 కేసుల లోపు అనుభవం ఉన్నవాళ్ళు 38 శాతం మెరుగుపడ్డారు. అంతకంటే ఎక్కువ అనుభవం ఉన్నవాళ్ళకి చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. సిమ్యులేటర్ సమయం సీనియర్ల సరదాకి కాకుండా మొదటి, రెండో ఏడాది పీజీలకే ముందు ఇవ్వాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మూడోది వింటే, కోటి రూపాయలు లేని డిపార్ట్‌మెంట్లకి ప్రాణం లేచొస్తుంది. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వే దేశాల ట్రైనీలు 50 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కేప్‌టౌన్‌లో అయిదు రోజులు ఎస్ఐసీఎస్ ఊపిరాడనంత సాధన చేయించారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ శిక్షణ తీసుకున్నవాళ్ళ కేసుల్లో పీసీ రెంట్ 7.8 శాతం, తీసుకోనివాళ్ళలో 26.6 శాతం. పైగా శిక్షణ పొందినవాళ్ళే ఎక్కువ ఆపరేషన్లు చేశారు. అక్కడ ముఖ్యంగా వాడింది వీఆర్ మెషిన్ కాదు, బొమ్మ కళ్ళు. ఒకే పని మళ్ళీ మళ్ళీ, పక్కన తప్పులు పట్టే గురువు, ముందే రాసిపెట్టుకున్న మార్కుల పట్టిక. ఈ మూడూ ఉంటే బొమ్మ కన్ను కూడా చదువు చెబుతుంది. లేకపోతే కోటి రూపాయల మెషిన్ కూడా వీడియో గేమే.

డబ్బు, గది, సముద్రపు గాలి

మేక కళ్ళు వందల్లో పని. కానీ పరికరాలు థియేటర్‌వి అస్సలు వాడకూడదు, విడి సెట్టు ఉండాలి. పాత మైక్రోస్కోప్ ఒకటి ల్యాబ్‌కే కేటాయించాలి. వాడిన కళ్ళు ఆస్పత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలోకి వెళ్ళాలి. బొమ్మ కళ్ళు ఒక్కోటి వేలల్లో ఉంటాయి, కొన్ని భాగాలు మార్చుకుంటూ వాడవచ్చు. పూర్తిస్థాయి సిమ్యులేటర్ కోటి దాటుతుంది, ఆపైన ఏటా నిర్వహణ ఖర్చు.

విశాఖలో ఇంకో ఖర్చు ఉంది, కొటేషన్‌లో రాయరు. సముద్రపు తేమ. మైక్రోస్కోప్ లెన్సుల మీద ఫంగస్ పట్టడం ఇక్కడ ప్రతి కంటి డాక్టర్‌కీ అనుభవమే. ఆ గదికి రాత్రీ పగలూ ఏసీ, తేమ తగ్గించే మెషిన్, మంచి యూపీఎస్ ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అలాంటి రోజుల్ని గుర్తుపెట్టుకుని, గది ఎంచుకునేటప్పుడే కింది అంతస్తు, కిటికీ పక్క వద్దనుకోవాలి.

ఆరుగురు పీజీలున్న డిపార్ట్‌మెంట్ ఒక్కటే మెషిన్ కొంటే, మనిషికి వారానికి రెండు గంటలు వేసుకున్నా మొత్తం పన్నెండు గంటలే. మిగతా వారమంతా అది దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. మహారాణిపేటలోని ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి రుషికొండ, మారికవలస, సంగివలస దాకా ఉన్న మెడికల్ కాలేజీలన్నీ గంట, గంటన్నర దారిలోనే ఉన్నాయి. ఊరికి ఒకటి కొని, అందరూ వంతులు వేసుకుంటే ఖర్చుకి న్యాయం జరుగుతుంది. ఈ మాట మీటింగుల్లో చెప్పి చెప్పి అలిసిపోయాను, అయినా చెబుతూనే ఉంటాను.

మరి ఎవరికి ఏది?

మొదటి ఏడాది పీజీ అయితే సిమ్యులేటర్ లేదని దిగులు వద్దు. ముందు మైక్రోస్కోప్ కింద 10-0 నైలాన్ దారంతో కుట్లు వేయడం, మేక కంటి మీద టన్నెల్ తీయడం. ఓ ఇరవై టన్నెల్స్ వరసగా చిల్లు లేకుండా వచ్చేదాకా ఆగకండి. మేక కన్ను మెత్తబడితే వెనక నరం వైపు నుంచి సెలైన్ ఎక్కించి గట్టిపరచండి, ట్రిపాన్ బ్లూ అనే రంగు వేస్తే లెన్సు పొర బాగా కనిపిస్తుంది. రెక్సిస్ కోసం మాత్రం మేక మీదే ఆధారపడకండి. చిన్న టమాటా తొక్క మీద చింపినా గీత ఎటు పోతుందో చూడటం అలవాటవుతుంది.

రెండో ఏడాదిలో, సొంతంగా మొదటి రెక్సిస్ చేయబోయే నెలలో, ఎక్కడైనా సరే సిమ్యులేటర్ మీద ఒక వారం సంపాదించండి. నా లెక్కలో సిమ్యులేటర్ విలువ పెరిగేది అప్పుడే. మరీ ముందు వెళ్తే మర్చిపోతారు, యాభై కేసుల తర్వాత వెళ్తే తప్పుడు అలవాట్లు పాతుకుపోయి ఉంటాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చినా వెళ్ళండి. అక్కడ గంటలు లెక్కపెట్టుకోవద్దు. ప్రతి అభ్యాసంలో వరసగా రెండుసార్లు లక్ష్యం దాటారా అన్నదే చూసుకోండి. ఒకసారి దాటడం అదృష్టం కావచ్చు.

పీజీ అయిపోయినా చేతిలో పట్టుమని పది కేసులు లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. సిగ్గుపడాల్సిన పని లేదు, తప్పు వాళ్ళది మాత్రమే కాదు. వాళ్ళకి నేను చెప్పేది, మెషిన్ పేరు చూసి కాకుండా కేసుల సంఖ్య చూసి ఫెలోషిప్ ఎంచుకోండి. సిమ్యులేటర్ మనిషి కంటికి దగ్గరిదారి కాదు, ముందుమెట్టు. రోగి దగ్గడం, రెప్ప బిగించడం, రక్తం చిమ్మడం నిజం రోగి దగ్గర ఎదురైనట్టు అందులో ఎదురుకావు.

డిపార్ట్‌మెంట్ చేతిలో పది లక్షలే ఉంటే మంచి వెట్ ల్యాబ్, బొమ్మ కళ్ళు, వీడియో తీసే మైక్రోస్కోప్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కోటి ఉంటే, పనిచేసే వెట్ ల్యాబ్ అప్పటికే ఉన్నవాళ్ళే మెషిన్ వైపు చూడాలి. ఎస్ఐసీఎస్ ఎక్కువ చేసే చోటికి పట్టు తెలిసేది, ఫేకోకి మారుతున్న చోటికి ఐసీ రకం.

ఫెలోషిప్ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు "సిమ్యులేటర్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. ఒకచోట, పేరు ఎందుకు గానీ, మెషిన్ ఉంది. బ్రోషర్‌లో ఫొటో కూడా ఉంది. కానీ ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప ఆ గది తెరవగా నేను చూడలేదు. అక్కడ చదివిన అమ్మాయి మూడేళ్ళలో దాని ముందు కూర్చున్నది నలభై నిమిషాలు. అందుకే మీ ముందు బ్యాచ్ వాళ్ళకి ఫోన్ చేసి ఇవి అడగండి: వారానికి ఎన్ని గంటలు దొరికాయి? పక్కన ఎవరైనా కూర్చుని నేర్పారా, ఒంటరిగా వదిలేశారా? సాయంత్రం డ్యూటీ అయ్యాక కూడా వెళ్ళనిచ్చారా? ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?